హాల్ టికెట్టు మీద దిష్టిచుక్క

నాంచారమ్మని ఒకావిడ, మా ఆడబిడ్డ వాళ్ళ ఊళ్ళో. పక్కింట్లో కుక్కరు కూత పెడితే ఇక్కడ ఈవిడకి కడుపు మండేదంట. పక్కిల్లంటే పరాయోళ్ళది కాదు, సొంత తోడికోడలు తిరపతమ్మది. ఒకే ఇల్లు, మధ్యలో గోడ కట్టుకుని అటొకళ్ళు, ఇటొకళ్ళు. తిరపతమ్మకి మొగుడు పోయి ఏడేళ్ళు, ఒక్కతే కూతురు, ప్రవల్లికని. నాంచారమ్మక్కూడా ఒక్కతే కూతురు, శిరీష. తోడికోడళ్ళిద్దరూ మనలాగా రొయ్యల షెడ్డులో తలకాయలు తీసేవాళ్ళే అనుకో. చేతులాపకండమ్మా, వింటా తియ్యండి, మేస్త్రి చూస్తన్నాడు. ఆఁ, ఏం చెప్తన్నా? తిరపతమ్మ మిక్సీ కొంటే నెల తిరక్కుండా ఈవిడ అంతకంటే పెద్ద మిక్సీ. ఆవిడ గుమ్మానికి నీలం రంగేయిస్తే ఈవిడ గుమ్మానికి నీలమూ పసుపూ రెండూనూ. నవ్వుతారేంటే, మీకు లేదా? నాకుంది, ఉందనే చెప్తన్నా. కాకపోతే నాంచారమ్మ ఏడుపుకి ఒక మొదలుంది. శిరీష పదో తరగతిలో బడి మొత్తానికీ ఫస్టొచ్చిన పిల్ల. ఇంటరైపోయి పద్దెనిమిది నిండీ నిండగానే ఒక సంబంధమొచ్చింది. వాళ్ళు వెనకవీధి పిల్లని కూడా చూడబోతన్నారని ఎవరో అన్నారంట. అంతే, ఆ సంబంధం ఎక్కడ వాళ్ళకి పోయిద్దోనని నాంచారమ్మ పదిరోజుల్లో ముహూర్తం పెట్టించేసింది. "అమ్మా, నేను చదువుకుంటానే" అని ఆ పిల్ల పెళ్ళిపీటల మీద కూడా ఏడ్చింది. అల్లుడు మంచోడే, అదేం లోటు లేదు. కానీ అప్పట్నుంచీ ప్రవల్లిక చేతిలో పుస్తకం కనపడితే చాలు, నాంచారమ్మకి అన్నం సయించేది కాదంట.

తర్వాత ఏమైందంటే, ప్రవల్లిక గుడివాడలో బీకాం పూర్తి చేసింది. చేసి, వ్యాపారం నేర్పే పెద్ద పెద్ద కాలేజీలకి దేశం మొత్తానికీ ఒకటే పరీక్ష ఉంటదంట, అది రాస్తానంది. దానికేదో ఇంగ్లీషు పేరుందిలే, నాకు నోరు తిరగదు. "మనం తలకాయ తీసిన రొయ్య ఏ దేశం పోతందో, మధ్యలో ఎవరు బాగుపడతన్నారో మనకి తెలియద్దా అమ్మా" అందంట. తిరపతమ్మ ఆలోచించి ఆలోచించి, సరే, ఒక్కసారికి ఒప్పుకుంటా, రాకపోతే సంక్రాంతి ముందే నాతోపాటు షెడ్డుకి రా అంది. ఇదంతా గుసగుసగానే అనుకోండి. కానీ ఆ గోడకి చెవులక్కర్లేదు, నాంచారమ్మవి చాలు. తెల్లారి కుళాయి దగ్గర పిల్లని పట్టేసుకుంది. ఏంటే అమ్మాయ్, ఏదో పరీక్షంట, ఎన్ని మార్కులొస్తే సీటు? అనడిగింది. ఆ పిల్లకి దాపరికం తెలీదు. మార్కులు కాదు పెద్దమ్మా, ఇంగ్లీషు, లెక్కలు, పట్టికలు చూసి బుర్రకి పదునుపెట్టేవి, మూడు భాగాలు, ఒక్కోదానికి నలభై నిమిషాలు. అంతా అయ్యాక వందమందిలో నీ వెనక ఎంతమంది ఉన్నారో చెప్తారు, దాన్నిబట్టి కాలేజీ వాళ్ళు పిలుస్తారు అంది. నాంచారమ్మ బిందె కింద పెట్టేసింది. "అంటే మనకెంతొచ్చిందని కాదు, పక్కోళ్ళకి తక్కువొచ్చిందా లేదా అని చూస్తారా?" "అంతే పెద్దమ్మా." "ఓసినీ, ఇది నేను రాయాల్సిన పరీక్షే!" అందంట. చూశారా, డిగ్రీ చదివిన వాళ్ళు వారం రోజులు తల పట్టుకున్నది ఈవిడకి బిందె నిండే లోపు అర్థమైపోయింది.

అక్కకి తెలిసిపోయిందనేసరికి తిరపతమ్మకి దిష్టి భయం పట్టుకుంది. ఇంక చూడు, దరఖాస్తు పెడదామంటే మంగళవారం వద్దంటది, అమావాస్య వద్దంటది, అక్క అరుగు మీద కూచుంటే ఎదురొస్తది వద్దంటది. అట్టా అట్టా ఆఖరి రోజు దాకా తెచ్చింది. సాయంత్రం అయిదింటికి దరఖాస్తులు మూసేస్తారంటే మూడింటికి ఫొటో స్టూడియోలో కూచున్నారు తల్లీకూతుళ్ళు. తెల్ల పరదా ముందు, ముఖం మీద జుట్టు పడకుండా దిగాలంట. పిల్ల బుద్ధిగా కూచుంది. ఫొటో అబ్బాయి ఒకటీ రెండూ అంటంటే తిరపతమ్మ ఆగండాగండని పోయి, కాటుక డబ్బా తీసి పిల్ల ఎడమ బుగ్గ మీద మిరియపు గింజంత దిష్టిచుక్క పెట్టేసింది. పసిపిల్లలకి కదా బుగ్గన పెడతాం, ఇరవై దాటిన దానికి పెడితే అరికాల్లో పెడతాం. "ఏంటమ్మా ఇది, దేశం మొత్తం చూసిద్ది" అంటే, "దేశం చూస్తే పర్లేదు, మీ పెద్దమ్మ చూస్తదనే" అందంట. వాళ్ళిద్దరూ వాదులాడుకునేలోపు నాలుగైంది. ఇంక తుడిచి మళ్ళీ దిగే టైమెక్కడ? నెట్ సెంటర్‌లో సంతకం ఎక్కించి, కులం కాగితం ఎక్కించి, పరీక్ష రాసే ఊరు విజయవాడని పెట్టి, ఆ చుక్క ఫొటోనే ఎక్కించేశారు. పుట్టుమచ్చ అనుకుంటార్లే అన్నాడంట ఆ నెట్ సెంటరతను. హాల్ టికెట్టొచ్చాక చూస్తే చుక్క ముఖం కంటే ముందు కనపడతంది.

పరీక్ష రోజు పొద్దున్నే బస్టాండులో చూస్తే, నాంచారమ్మ కూడా పట్టుచీర కట్టుకుని, కళ్ళకి కాటుక దిద్దుకుని తయారు! నేనూ వస్తానే, పిల్లని పంపి దుర్గమ్మని చూసొద్దాం అంది. ఎట్టా కాదంటది, పెద్దది కదా? తిరపతమ్మ పళ్ళు కొరుక్కుంటా ఎక్కింది. ఉన్నమాట చెప్తన్నా, తర్వాత నాంచారమ్మే మా ఆడబిడ్డతో చెప్పుకుంది. బస్సులో దారి పొడుగునా ఆవిడ ఒకటే మొక్కుకుందంట, అమ్మా దుర్గమ్మా, ఏదో ఒకటి అడ్డంపడి ఈ పిల్ల వెనక్కొచ్చేటట్టు చూడు, నా కూతురికి లేంది దీనికెందుకు అని. తిట్టుకోకండే, ఆ తల్లి కడుపులో ఎంత ఉడికితే ఆ మాట వచ్చిద్ది.

గేటు దగ్గర ఏమైందంటే, పిల్ల ముఖం శుభ్రంగా కడుక్కుని వచ్చింది కదా, చుక్కా లేదు పాడూ లేదు. గేటు మనిషి హాల్ టికెట్టు చూశాడు, ముఖం చూశాడు, మళ్ళీ టికెట్టు చూశాడు. మచ్చ ఏదమ్మా అన్నాడు. మచ్చ కాదు సార్, చుక్క అంది. లోపల్నుంచి పెద్దసారొచ్చాడు. ఫొటోలో మచ్చ ఉంది, మనిషికి లేదు, ఒకళ్ళ బదులు ఇంకొకళ్ళు వచ్చి రాసే కాలం, ఎట్టా పంపుతామమ్మా, పక్కకి నిలబడు, చూద్దాం అన్నాడు. గేటు మూయటానికి పది నిమిషాలుంది. తిరపతమ్మ ఏం చెప్తది, ఎవరి దిష్టికని పెట్టిందో ఆ మనిషి పక్కనే ఉంటే? పిల్ల ఇంక ఏడవటం మొదలుపెట్టింది. "సార్, నేను చదువుకుంటాను సార్" అందంట. ఆ ఒక్క మాట. నాంచారమ్మకి పెళ్ళిపీటల మీద శిరీష కళ్ళముందు నిలబడింది. మొక్కు ఫలించింది కదా, సంతోషించాలి కదా? జనాన్ని తోసుకుని గేటు కాడికి పోయి, "అయ్యా, అది మచ్చ కాదు, దిష్టిచుక్క. నా దిష్టి తగులుద్దని మా చెల్లెలు పెట్టింది. ఈ పిల్ల మీద ఏడ్చేదాన్ని నేనే. పొద్దున బస్సులో కూడా ఏడ్చాను. తప్పు నాది, దాన్ని ఆపమాకండి" అంది. అంతమంది తల్లిదండ్రులు, అంతమంది పిల్లలు, అందరిముందూ అంది. అని, తన కంటి కాటుకే వేలితో తీసి, పిల్ల గడ్డం పట్టుకుని, ఫొటోలో ఎక్కడుందో సరిగ్గా అక్కడ, అంతే చుక్క పెట్టింది. "ఇప్పుడు చూడండి సారూ, ఈ పిల్లా కాదా?" పెద్దసారు టికెట్టు ముఖం పక్కన పెట్టి చూశాడు, ఆధార్ కార్డు చూశాడు, వేలిముద్ర వేయించాడు. నవ్వాపుకుని, పద తల్లీ, టైమైపోతంది అన్నాడు. గేటు మూశాక తోడికోడళ్ళిద్దరూ కాంపౌండు గోడ నీడన కూచున్నారు. తిరపతమ్మ మంచినీళ్ళ సీసా మూత తీసి ముందు అక్కకిచ్చింది. తిరపతమ్మ మొగుడు పోయాక ఈ ఏడేళ్ళలో అదే మొదలంట.

కొత్త సంవత్సరం రాకముందే ఫలితాలొచ్చినయి. ప్రవల్లికకి తొంభై ఆరొచ్చింది. షెడ్డుకి రాలేదు, కాలేజీల వాళ్ళు ఇంటర్వ్యూలకి పిలిచారు. శిరీష కూడా ఏదో దూరవిద్య డిగ్రీకి ఫారం పెట్టిందంట, తల్లే దగ్గరుండి పెట్టించింది. అయితే నాంచారమ్మ మారిపోయింది అనుకుంటన్నారా? ఆ రోజు ప్రవల్లిక పరిగెత్తుకొచ్చి, పెద్దమ్మా, వందమందిలో తొంభై ఆరుగురు నా వెనకే అని కాళ్ళకి దణ్ణం పెడితే, లేవదీసి, ముద్దు పెట్టుకుని, కాసేపు లెక్కేసుకుని, ముఖం చిట్లించి అడిగిందంట, "మరి ఆ ముందున్న నలుగురూ ఎవరి పిల్లలే?" ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదంట, వాళ్ళెవరో తెలియక. అదీ కథ. మనిషి ఏడుపు మానలేదు, తమ ఇంటి పిల్ల తరఫున ఏడవటం మొదలెట్టింది, అంతే. ఆ, తియ్యండి తియ్యండి, అవతల బల్ల వాళ్ళు అప్పుడే రెండో ట్రే నింపేశారు, నాకు ఒళ్ళు మండిపోతంది.