ట్రాలీకి నిమ్మకాయ

ఆదివారం పొద్దున రహమత్ నగర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో నలుగురున్నారు: సామాన్లు మోసే ట్రాలీ నడిపే లక్ష్మయ్య, అతని భార్య అనసూయమ్మ, పదో తరగతి చదివే కూతురు వందన, ఫిల్మ్ నగర్ నుంచి బండి చూడడానికి వచ్చిన సినిమా మనిషి చలపతిరావు. గుమ్మం ముందు వాలులో, చక్రం కింద రాయి పెట్టుకుని, పదిహేడేళ్ళ పాత ట్రాలీ నిలబడి ఉంది.

"...ఒక్క తాళం సార్, ఒక్కటంటే ఒక్కటే! గిట్ల తిప్పుతే గట్ల స్టార్ట్ అయితది. సోఫాలేసుకొని ఫిల్మ్ నగర్ గుట్ట ఎక్కుతది."

"ఆగండి లక్ష్మయ్యగారూ, ఆగండి. నాకు స్టార్ట్ అయ్యే బండి వద్దు."

"ఏంది సార్?"

"మొరాయించే బండి కావాలి. విలన్ మనుషులు తరుముకొస్తుంటారు, హీరో తండ్రి తాళం తిప్పుతాడు, బండి కదలదు. మా డైరెక్టరుగారికి నిజంగా మొండికేసే బండే కావాలట. ఇరవై రోజుల కిరాయి."

"ఇరవై... సార్, అయితే దీన్ని మించింది లేదు! ఇది అసలు స్టార్టే కాదు!"

"ఇప్పుడేగా ఒక్క తాళం అన్నారు?"

"అది... అది మర్యాదకు అన్న సార్. ఏయ్ అనసూయా, చెప్పరాదు!"

"చెప్పుడేంది, పదేండ్ల సంది చెప్తనే ఉన్న. సారూ, దీని అద్దం ఎక్కదు, ఎక్కితే దిగదు. హారన్ కొడితే వైపర్ తిరుగుతది. ఎడమ తలుపుకు తాడు. మీకొద్దంటే చెప్పుండ్రి, సాయంత్రం బోరబండ పాతసామాన్లాయన వస్తుండు, తోలిచ్చేస్త. జూబ్లీహిల్స్‌ల ఒక మేడమ్ కారు నడిపే మనిషి కావాలంటుంది. గా నౌకరికి పో అంటే ఈయన వినడు."

"బయటోళ్ళ ముందల గవన్ని ఎందుకే?"

"నువ్వే గదా చెప్పుమన్నవ్!"

"మీరిద్దరూ ఉండండి. తాళం ఇటివ్వండి, నేనే తిప్పి చూస్తాను... అరె! స్టార్ట్ అయిందే!"

"అయ్యో! ఒక్క తాళానికే అయిపోయింది! నీ ఇంజన్ల మన్నువడ, నీకు ఇయ్యాల్నే గావాల్నా?"

"ఏమనుకోకండి లక్ష్మయ్యగారూ. బండి మహా ఆరోగ్యంగా ఉంది. ఆపేశాను, నేనొస్తా."

"సార్..."

"ఎవరూ? అమ్మాయా?"

"మా వందన సార్. పోయినేడు దాంక ఊర్ల అమ్మమ్మ కాడ చదివింది. బయటోళ్ళతోని నోరు తెరవదు."

"సార్... నా నోటుబుక్కుల రాసిన. బండి ఆగిన రోజులన్ని."

"బండికి డైరీ రాశావా? ఏదీ, చదువమ్మా."

"జూన్ ఎనిమిది. చెక్‌పోస్టు కాడ ఆగింది. వెనకాల షూటింగుకు తీస్కపోయే థర్మకోల్ దేవుడున్నడు. తోయుండ్రి అని నాయిన మొత్తుకుంటే, జనం తోయకుండ కొబ్బరికాయ కొట్టిండ్రు."

"గిది గూడ రాసినవా!"

"ఊరుకోండి లక్ష్మయ్యగారూ. తర్వాత?"

"జూలై రెండు. బండి కొనేతందుకు యూసుఫ్‌గూడ ఆయన వచ్చిండు. స్టార్ట్ కాలే. జూలై పంతొమ్మిది. మోతీనగర్ ఆయన వచ్చిండట. నేను బడిల ఉన్న. స్టార్ట్ కాలేదట. ఎందుకు కాలేదో నాకు సమజ్ కాలే. ఆగస్టు పది. ఎర్రగడ్డ ఆయన..."

"స్టార్ట్ కాలేదు! అంటే కొనేవాళ్ళొస్తేనే మొరాయిస్తుందా? దీనికి మనకన్నా తెలివుందండీ!"

"సార్, ఇంకొక్కపారి తిప్పుతరా? జర ఆగుండ్రి, ముందుగాల బండికి నిమ్మకాయ మార్చొస్త. ఎండిపోయింది."

"నిమ్మకాయ మారిస్తే బండి ఆగుతుందా?"

"పిల్ల ముచ్చట సార్, పోనీయుండ్రి. పోయి రా బిడ్డా, నిమ్మళంగ మార్చు."

"ఎంతసేపమ్మా?... అయిందా? ఏదీ... ఊఁ... ఊఁ... అబ్బే! ఉలుకూ లేదు, పలుకూ లేదు! అద్భుతం! లక్ష్మయ్యగారూ, బండి ఖాయం. నేను స్కూటర్ మీద ముందు వెళ్తాను, మీరు ఎలాగోలా తోసుకుని ఫిల్మ్ నగర్ వచ్చేయండి."

"వస్తం సార్, వస్తం! అనసూయా, బోరబండ ఆయనకు ఫోన్ కొట్టు. రావద్దను."

"కొడ్త. ఇరవై రోజులైనంక చూస్త నీ సంగతి, నీ బండి సంగతి."

"వందనా, ఇటు రా. మీ అమ్మ లోపలికి పోయిందా?"

"పోయింది నాయినా."

"నిమ్మకాయ బండికి ముందర గదా కట్టేది?"

"అవు."

"మరి నువ్వు బ్యాటరీ దిక్కు ఎందుకు పోయినవ్?"

"ఊకెనే, చూసేతందుకు."

"చేతికి గా గ్రీజేంది?"

"కొడ్తవా నాయినా?"

"ఎన్నిసార్లు పీకినవ్ ఆ వైరు?"

"మూడు. యూసుఫ్‌గూడ ఆయనప్పుడు, ఎర్రగడ్డ ఆయనప్పుడు, ఇయ్యాల. బండి పోతే నువ్వు మేడమ్‌కు కారు తలుపు తీసుకుంట నిలవడుతవని... మోతీనగర్ ఆయనప్పుడు నేను కాదు నాయినా. ఒట్టు. బడిల ఉన్న."

"వైరు మళ్ళ పెట్టినవా?"

"పెట్టిన."

"అయితే ఎక్కు. డైరెక్టర్ ముందర బండి ఆగాలె గదా, నిమ్మకాయ ఎవరు మార్చాలె?"

"నాయినా, మరి మోతీనగర్ ఆయనప్పుడు ఎట్ల ఆగింది? నోటుబుక్కుల సమజ్ కాలే అని రాసిన, ఇప్పుడేమని రాయాలె?"

"రాయకు. ఆ రోజు ఇంట్ల నేనున్న. చెయ్యి లోపలికి తీస్కో, తలుపేస్తున్న."