పలకని కుక్క ఈల

ఇంటి నడుమ సున్నపు గచ్చు పగలగొట్టి గొయ్యి తీశారు. చాపలో చుట్టిన కూతురు సాసిల్ శవం పక్కన ఇష్కాన్ కూర్చుని ఉంది. ఆమె మొగుడు చిమల్, ఆమె అప్పుడే కాల్చి తెచ్చిన కుక్క బొమ్మ మట్టి ఈలను పెదవుల నుంచి తీసి చూశాడు.

"ఇది పలకట్లేదే."

"వేడి మీదుంది. చల్లారనీ."

"చల్లారే ఉంది. చూడు, తోక దగ్గర బెజ్జమే లేదు. మర్చిపోయావా?"

"మర్చిపోయుంటాను."

"నువ్వా? కళ్ళు మూసుకుని చేసేస్తావు ఈలలు!"

"మూసుకునే చేశాలే. చెవులు చూశావా? జ్వరంలో అడిగిందిగా, కుక్కకి ఒక చెవి వంగి ఉండాలని."

"చెవుల సంగతి కాదే నేనడిగేది. పిల్ల చచ్చినవాళ్ళ లోకానికి చీకట్లో పోవాలి. కుక్క పలక్కపోతే దానికి దారెవరు చూపిస్తారు?"

"కుక్కకి వాసన చాలు."

"పిచ్చిదానా... సరే. సంతకి పెట్టిన బుట్టలో కప్ప ఈల ఉంది. అది గోతిలో పిల్లతో వేస్తా."

"ముట్టుకోకు."

"దాని గొంతు బాగుంటుందే, అచ్చం వానకి అరిచినట్టు..."

"ముట్టుకోకన్నానా!"

"ఏమిటే నీ మొండితనం? నోట్లో మొక్కజొన్న ముద్ద పెట్టాం, చాప చుట్టాం. ఈ ఒక్కదానికే ఎందుకిట్లా? దానికసలే చీకటంటే భయం. రాత్రి మెలకువొస్తే ఈల ఊదేది, నువ్వు పరిగెత్తేదానివి. నేను లేచి వెళ్తే, నువ్వు కాదు పో, అనేది."

"అనేది."

"నవ్వుతున్నావా?"

"లేదు."

"ఇష్కాన్... ఇటు చూడు. ఏమిటో చెప్పు."

"గొయ్యి ఇక్కడే తీశావుగా."

"ఇంకెక్కడ తీస్తాను? మనవాళ్ళంతా ఈ ఇంట్లోనేగా, మన కాళ్ళ కింద. మా అమ్మ ఆ మూల లేదూ?"

"మళ్ళీ గచ్చు మెత్తుతావు."

"మెత్తాలిగా."

"పైన మన చాప పరుస్తావు."

"పరుస్తా. దానికి తోడుగా మనమిద్దరం ఇక్కడే పడుకుంటాం. అది మంచిదేగా?"

"కిందనుంచి అది ఊదుతుంటే... పైన నేను లేవకుండా ఎట్లా పడుకోనయ్యా?"