గాలిమోటరు పెంటికలు

గీ ముచ్చట నాకు మొదాలు చెప్పింది మా గుర్వయ్య మామ, మా మేనత్త సోమమ్మ పెనిమిటి. పెండ్లాన్ని ఒక్కనాడు మెచ్చుకోని మనిషి. అసొంటోడు చెప్పిండంటె నమ్మాలె. కూసో అమరేందరూ, గా ఫోను లోపల వెట్టు. మొన్న బడికాడ మైకుల మల్లప్ప పటేలు మనుమడు ఏమన్నడు? "గాలిమోటరు కాయిదాలకు పెంటికలని పేరు వెట్టింది మా తాతనే" అన్నడు. నువ్వు చప్పట్లు గొట్టినవ్. ఏందీ, కొట్టలేదా? నేన్ జూసిన. ఇప్పటికి ఓట్లప్పుడు జీపులకెల్లి కాయిదాలు ఇసిరితె మనూర్ల పెంటికలేస్తుండ్రు అంటరు సూడు, గా మాట ఎవరిదనుకున్నవ్?

పోలీసు యాక్షనై యాడాది గాలె. సంగపు దళమోళ్లు ఇంక తుపాకులు వట్టుకోని గుట్టలల్లనే ఉండిరి. మా అత్త మల్లప్ప చేన్ల గొర్ల మంద వెట్టింది, ఎరువుకు. పొద్దుగాల్నే గాలిమోటరు, గదే మిల్ట్రోళ్ల ఇమానం, మీదికెల్లి వచ్చి, తుపాకులు అప్పజెప్పుండ్రని కాయిదాలు జల్లిపాయె. చేనంత తెల్లగ. చదివెటోడు ఎవడున్నడు? గొర్లు నమిలినయి. పగటీలి జీపుల మిల్ట్రీ అప్సరొచ్చిండు. ఊర్ల ఉర్దూ వచ్చినోడు మల్లప్ప ఒక్కడే. కాయిదాలు అందినయా అని వానితోని మా అత్తను అడిగిపిచ్చిండు. మా అత్త కట్టె మీద గదువ ఆనిచ్చి, "అందినయి సారూ! మీ ఇనుప పొట్టేలు చేనంత పెంటికలేసి పాయె. మా గొర్లు ఏసినకాడ జొన్న మొలుస్తది, దానియి ఏసినకాడ ఏం మొలుస్తదో సూద్దామని కూసున్న" అన్నది. పక్కనున్న మామ గొర్లల్ల నక్కిండు. మల్లప్ప చెమట తుడుసుకోని ఉర్దూల ఏం చెప్పిండు? "మస్తు సంబురపడుతాంది హుజూర్, మీకు దీవెనలిస్తాంది" అని! అప్సరు షాబాషని మా అత్తకు సలాం గొట్టి పోయిండు.

జీపు దుమ్ము అణగలే, "నన్ను జంపుతవానే! నేన్ దీవెనలని మార్చి చెప్పకుంటె నిన్ను కాల్చిపారేస్తుండె!" అని అత్తమీదికి లేసిండు మల్లప్ప. అగో గా మల్లప్పనే వారం దిరిగినంక కోస్గి అంగట్ల మీసం దువ్వుకుంట, "అప్సరు మొఖం మీదనే అన్న, పెంటికలని!" సచ్చెదాక గదే పాట. మా అత్త నవ్వి, "పోనీరా, వానికి గంతకన్న ఏమున్నది" అన్నది. ఆమె ఇడిసిపెట్టింది. నేన్ ఇడువ.

నువ్వు ఊరి చరిత్ర రాస్తున్నవంట గద. మల్లప్ప ఆమె పాణం కాపాడిండు, అది రాయి, కాదన. మాట గుంజుకున్నడు, అది గూడ రాయి. నాకు సంతకం దప్ప రాదు. అయినా మా మనుమరాలు యాదమ్మతోని చదివిచ్చుకుంట. సోమమ్మ అని రాయి. ముందట రాయి.