ముల్లు నిండుగానే ఉంది

"సంతకం కూడా పెట్టీసావంట?"

"పెట్టీసాను హేమమ్మా."

"సదివే పెట్టావా?"

"సదవడానికేటుంది. తప్పు నాదని రాసుంది. కింద నా పేరుంది."

ఫిషింగ్ హార్బర్ వెనక, ఐసు ఫ్యాక్టరీ పక్క సందులో ఉంది లతీఫ్ షెడ్డు. నీళ్ళలోకి దిగి పనిచేసేవాళ్ళకి సిలిండర్లలో గాలి నింపడం ముప్పై ఏళ్ళుగా ఆయన పని. పదకొండు రోజుల క్రితం ఆయన నింపిన సిలిండర్ వీపుకి కట్టుకుని, తెగిపోయిన బోటు లంగరు వెతకడానికి దిగాడు ఉదయ్‌కుమార్. పన్నెండు బారల లోతున గాలి అయిపోయి, ఒక్క ఊపున పైకి దూసుకొచ్చేశాడు. ప్రాణం దక్కింది గాని, అంత వేగంగా పైకి రావడంతో నడుం కింద స్పర్శ పోయింది. ఇప్పుడు షెడ్డు గుమ్మంలో నిలబడి నిలదీస్తున్నది అతని భార్య హేమశ్రీ.

"ఆ గురునాథరావు రాయించుకొచ్చాడు, నువ్వు పెట్టీసావు. అంతేనా?"

"ఆయన కంట్రాక్టరు. ఉదయ్‌ని పన్లోకి దింపింది ఆయనే. బోటోళ్ళ సంఘానికి ఇయ్యడానికి ఆయనకి ఒక కాయితం కావాల."

"మరి నాకు?"

"నీకేటి కావాలమ్మా?"

"నిజం కావాల. ఆ కొత్త సిలిండర్‌లో ఎంత నింపావు?"

"వదిలీయమ్మా. ఎండన పడొచ్చావు, నీళ్ళు తాగు."

"నీళ్ళు నాకొద్దు. ఎంత?"

"రెండు వేల నాలుగొందలు."

"అది నిండా, కాదా?"

"పాతదానికి నిండే. కొత్తదానికి కాదు."

"అదేటో నాకు అర్థమయ్యేలాగ సెప్పు. ఆస్పత్రిలో అందరూ అడుగుతన్నారు. ఒక్కలికీ సెప్పలేకపోతన్నాను."

లతీఫ్ లేచి మూలనున్న రెండు ఉక్కు సిలిండర్ల దగ్గరికి వెళ్ళాడు. పాతది లావుగా, బరువుగా ఉంది. అది తక్కువ ఒత్తిడిదనీ, గాలి ఒత్తిడి చూపే మీటరు ముల్లు రెండు వేల నాలుగొందలకి వస్తే నిండినట్టేననీ చెప్పాడు. కొత్తది సన్నం, మోయడానికి సులువు. కానీ ఆ సన్నపు కడుపులో అంతే గాలి పట్టాలంటే ముల్లు మూడు వేల నాలుగొందలు దాటాలి. తన కంప్రెసరుకి అంత సత్తువ లేదు, రెండు వేల ఆరొందలకే సేఫ్టీ వాల్వు లేచిపోతుంది. గురునాథరావు తేలిగ్గా ఉంటాయని ఎక్కువ ఒత్తిడివి కొనేశాడు గాని, వాటిని నింపేదెవరో ఆలోచించలేదు.

"అయితే మా ఆయన ముల్లు సూసుకోలేదంటావా?"

"సూసుకునే ఉంటాడు. ఉదయ్ సూసుకోకుండా దిగడు."

"సూసుకున్నారు. రెండు వేల నాలుగొందలుంది. పన్నెండేళ్ళుగా ఆయనకి అదే నిండు. ముప్పావు గంట ఉంటాదనుకున్నారు."

"అరగంటకే అయిపోతాది."

"ఆ అరగంట మాట నీకు ముందే తెలుసు."

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"సుద్దముక్కతో సిలిండర్ మీద రాయాల్సింది. రాయలేదు. గురునాథరావు ఆటో వచ్చింది, ఎక్కించీసాను. అందికే సంతకం పెట్టాను."

"నాను సుద్దముక్క సంగతి అడగలేదు. ఊరుకున్నావా అని అడిగాను."

ఈ ప్రశ్న ఎవరూ అడగకూడదనే పదకొండు రోజులుగా లతీఫ్ కోరుకున్నాడు. అడిగితే ఈ అమ్మాయే అడుగుతుందని మాత్రం అనుకోలేదు.

"బాబాయ్, నిన్నే."

"ఊరుకున్నాను."

"అబద్ధం."

"హేమమ్మా..."

"నా మొగం సూసి సెప్పు. ఊరుకున్నావా?"

"నా పేరు మీదే పోనీయమ్మా. నాకు అరవై మూడేళ్ళు. ఈ కంప్రెసరూ ముసిల్దయిపోయింది. రేపు సంఘం మీటింగులో షెడ్డుకి తాళం ఏత్తారంట. ఏసుకోనీ. తాళంకప్ప నానే ఇత్తాను."

"నూరున్నీసా పిన్ని ఏటంది?"

"ఏటంటాది. ఏడ్సింది."

"నిన్న పూర్ణా మార్కెట్లో పిన్నిని పట్టుకుని ఒకావిడ అంది, మీ ఆయన పడుసువాడి కాళ్ళు తీసేశాడని. పదిమందిలో అంది. పిన్ని తీసిన ఉల్లిపాయలు అక్కడే ఒగ్గీసి ఎల్లిపోయింది. నాను పక్క కొట్లోనే ఉన్నాను, బాబాయ్. ఇన్నాను."

"నాతో సెప్పలేదు అది."

"ఇని నానేటన్నానో అడగవా?"

"నీ కష్టం నీది. నువ్వేటంటావు."

"అలాగ జాలిగా మాటాడకు. నాకు ఒళ్ళు మండిపోతంది. మా అత్త జోగమ్మ పొద్దున్న లేచింది మొదలు నిన్ను శాపనార్థాలు పెడతంది. పక్కనే కూకుని నాను గంజి కలుపుతన్నాను."

"పెట్టనీ. కొడుకు మంచాన పడిపోయాడు. ఎవుల్నో ఒకల్ని తిట్టాల కదా."

"ఎవుల్నో ఒకల్ని కాదు. తిట్టాల్సినోల్లని తిట్టాల. లెగు. ఆటో బయటుంది. సంఘం ఆఫీసుకి పోదాం, ఆ కాయితం ఎనక్కి తీసుకో."

"తీసుకుని ఏటి సెప్పమంటావు?"

"ఉన్నదే సెప్పు. ఆరోజు పొద్దున్న ఏడు గంటలకి నువ్వు మా ఆయనకి ఫోన్ సేసావు. సేసావా లేదా?"

"సేసానేమో. గుర్తులేదు."

"నాకు గుర్తుంది. ఆయన తానానికెల్లారు, నానెత్తాను. 'హేమమ్మా, కొత్తదాన్లో అరగంట గాలే ఉంది, మర్సిపోకుండా ఉదయ్‌కి సెప్పు' అన్నావు. రెండు సార్లన్నావు. నాను ఊఁ అన్నాను."

"కంప్రెసర్ మోతలో నీకేటి ఇనబడిందో..."

"అంతా ఇనబడింది. ఎందికి నా పేరు సెప్పలేదు? సంతకం పెట్టమన్నప్పుడైనా ఎందికి సెప్పలేదు?"

లతీఫ్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"గట్టిగా అనకమ్మా. ఈ మాట బయటికొత్తే మీ అత్త నిన్ను గడప తొక్కనివ్వదు. మరి ఆడ్ని సూసుకునేదెవులు? ఎత్తి కూకోబెట్టేదెవులు? నాకు షెడ్డు పోతే పోయింది. మీ ఇల్లు నిలబడాల."

"నాకోసం నువ్వు సెడ్డోడివి అవ్వక్కర్లేదు. నాను అడిగానా?"

"అడగలేదు. నువ్వూ మనిషివే కదా. పొద్దున్న పూట పొయ్యి కాడ సవాలక్ష పనులుంటాయి. మర్సిపోయావు. మర్సిపోతే ఎవులేటి సేత్తారు? నాను సుద్దముక్క మర్సిపోలేదా? అలాగే ఇదీను."

"నువ్వు అదే అనుకుంటన్నావా, బాబాయ్?"

"మరేటి?"

"నాను మర్సిపోలేదు. ఆయన తువ్వాలు భుజాన్నేసుకునొచ్చి ఎదురుగా నిలబడి 'ఎవులే ఫోను' అని అడిగారు. ముందురోజు గొడవయ్యింది మాకు, ఆయనతో మాటాడకూడదని పంతం పట్టి మొగం తిప్పుకున్నాను."