అయ్‌జిరెక్ కోరపన్ను

మూడోసారి డాక్టరమ్మా, మూడోసారి! పిల్ల పంటికి నువ్వంటించిన ఆ ఇనుప బిళ్ళ మళ్ళీ ఊడొచ్చింది. అదేం జిగురమ్మా? కిటికీ సందులకి నేను పిండి ఉడకబెట్టి అంటించిన కాగితం మన నరిన్ ఊరి చలిగాలికి కూడా వసంతం దాకా చెక్కుచెదరదు, తెలుసా?

ఇదిగో, రుమాల్లో కట్టి తెచ్చా. చూసుకో.

కూర్చోమంటావా? సర్లే. అమ్మో, ఆ కుర్చీ వద్దు, అది పడుకోబెట్టేస్తుంది. ఈ స్టూలు చాలు.

పిల్ల బళ్ళో ఉంది. కావాలనే ఒక్కదాన్నే వచ్చా. పోయినసారి ఏమన్నావు దాన్ని? "అయ్‌జిరెక్, నువ్వు మాట వినడం లేదు, ఇంకోసారి ఊడితే తీగంతా పీకేస్తా" అన్నావా లేదా? దారి పొడుగునా ఏడ్చిందమ్మా. "నాయనమ్మా, బళ్ళో నన్ను తోడేలు పిల్లంటారు. ఇలాగే ఉండిపోతానా?" అని ఒకటే గోల. పన్నెండేళ్ళ పిల్ల!

ఆఁ ఆఁ, నువ్వు చెప్పిందంతా గుర్తుందిలే. ఎదిగే వయసు, దవడ ఎముక ఇంకా లేత, తీగ మెల్లగా నెడితే ముందున్న ఎముక కరిగి పంటికి దారిస్తుంది, వెనక కొత్తది పోసుకుంటుంది. అంతేగా? ఆ రోజు నాకు నవ్వాగలేదు. పన్ను నడవడమేంటమ్మా, వేసవి మేతకి కొండెక్కే గొర్రెలాగా!

కానీ నడిచింది. మూడు నెలలకి గోరంత దిగింది. నా కళ్ళతో చూశా. చూసే భయపడ్డా.

ఎందుకా? ఉండు, చెప్తా. తొందరపెట్టకు.

నా నోట్లోకి చూడు. ఎడమవైపు, పైన. కనిపించిందా కోరపన్ను? పక్కదాని నెత్తినెక్కి కూర్చుంది చూడు, గుర్రమెక్కిన పెళ్ళికొడుకులా! అయ్‌జిరెక్‌కీ అదే పన్ను, అదే వైపు. బజారులో దాన్ని ఎవరి పిల్లవే అని ఒక్కరూ అడగరు. అది నవ్విందంటే చాలు, "అరె, కురుత్ అమ్మే షైర్‌కాన్ మనవరాలు!" అంటారు. మిగతా మొహమంతా తల్లి వైపుదేగా. ఆ బుగ్గలు, ఆ కళ్ళు, ఆ చేట చెవులు... నాకు దక్కింది ఒక్క పన్నమ్మా! దాన్నీ నువ్వు తిన్నగా చేసేస్తే?

ఆఁ, కురుతే. ఎండబెట్టిన ఉప్పు పెరుగు ఉండలు. గట్టివి పెట్టొద్దన్నావు, తెలుసు. గింజలొద్దు, ఎముకలు కొరకొద్దు, కురుత్ అసలే వద్దు. చీటీ కూడా రాసిచ్చావు. నాకు చదువొచ్చు.

అరవకమ్మా, బయట జనం ఉన్నారు!

అవును, నేనే పెట్టా. మూడుసార్లూ నేనే. "నాయనమ్మ చేతిది, కొరుకు తల్లీ" అని. చప్పరిస్తుంటే, చప్పరించకే కొరుకు అని కూడా అన్నా. నువ్వు తీగ బిగించిన మర్నాడే. పళ్ళు సలుపుతుంటే కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ కొరికింది.

నీతోనేమో "పెన్ను కొరికాను" అంది. నా పేరెత్తలేదు, చూశావా?

నిన్న అడిగా, ఎందుకే చెప్పలేదని. "చెబితే డాక్టరమ్మ నిన్ను తిడుతుంది కదా" అంది. "నీకు నా పన్నంటే ఇష్టమని నాకు తెలుసు నాయనమ్మా. కానీ నాకు తిన్నని పళ్ళు కావాలి. రెండూ ఎలా కుదురుతాయో తెలీక తిన్నాను" అంది.

తెల్లారగానే ఊడిన బిళ్ళ రుమాల్లో కట్టుకుని నీ దగ్గరికి బయల్దేరా.

అందుకని తీగ తియ్యకు తల్లీ. తప్పు దానిది కాదు, ఈ ముసల్దానిది. తిట్టాలంటే నన్ను తిట్టు... సరే, తిట్టావుగా.

మళ్ళీ అంటించు. తిన్నగా చేసెయ్. వాళ్ళమ్మ పోలికే రానీ, ఏం చేస్తాం! దాని కాలి బొటనవేలు చూశాలే, వంకర. అచ్చం నాదే. దానికైతే మీ దగ్గర తీగలేమీ లేవు కదా?

ఏంటమ్మా ఆ నవ్వు?

ఉన్నాయా?!