ఓనర్ సంతకం

మళ్ల అదే మాటనా స్వర్ణా? పొద్దుగాల అడిగితివి, లేదంటిని. గిప్పుడు నాంపల్లి దాక పోయొచ్చి, చెప్పులు గూడ ఇడ్వకుండ మళ్ల అదే పాట. ఏందే నీ జిద్దు?

కూసో. నిలబడి మాట్లాడకు, పైకి చూస్తే నాకు మెడ గుంజుతది.

ఏమన్నరు సంఘాల రిజిస్ట్రేషన్ ఆఫీసుల? ఔ, ఔ, ఎరుకే. ఏడుగురు మెంబర్లు ఉంటే సరిపోదు, సంఘానికి ఒక అడ్రస్ ఉండాలె. గాడ సంఘం పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదని ఇంటి ఓనర్ రాసియ్యాలె. ఎన్నిసార్లు చెప్తవు? చెవులు మంచిగనే ఉన్నయి నాకు.

పై రూంల కిరాయికి దిగిన నాడు ఏం చెప్పినవు? 'ఆంటీ, నేనొక్కదాన్నే, స్కూల్ల టీచర్ను, లొల్లి ఉండదు' అన్నవు. అన్నవా లేదా? ఇప్పుడేమో నా దర్వాజ మీద బోర్డు కొడ్తనంటున్నవు. తప్పిపోయినోళ్ల కుటుంబాల సంఘం! ఇది అబిడ్సే తల్లీ. ఆదివారమొస్తే మన ఇంటి కింద ఫుట్‌పాత్ నిండ పుస్తకాలే, పుస్తకాలు తిరగేసేటోళ్లే. ఒక్కడన్న తలెత్తి చదవకుండ పోతడా? ఇన్నేండ్లకు గీ గల్లీ నా కథ మరిచిపోయింది. నువ్వు బోర్డు కొట్టి యాదిచేస్తవా?

నీ మీద కోపం లేదు. ఉన్నది. ఎందుకు లేదు? ఉన్నది.

నీ తమ్ముని సంగతి వేరు. భూపాల్ మతి సరిగ లేని పోరడు, కాచిగూడ స్టేషన్ల నీ చెయ్యి ఇడిచి గుంపుల కలిసిపోయిండు. వాణ్ని దేవులాడాలె. నువ్వు పోస్టర్లు అతికేటప్పుడు మైదా ఉడకబెట్టి ఇచ్చింది ఎవరు? నేను గాదా? అక్కడి దాక సరే.

ఆ కాగితాలు ఇటియ్యి. అద్దాలు... ఆఁ, నెత్తి మీదనే ఉన్నయి.

సంఘం ఉద్దేశాలు. 'తప్పిపోయిన వారి ఆచూకీ తెలుసుకొనుటలో వారి కుటుంబములకు సహాయపడుట.' అబ్బో, టైపు కొట్టినోడు మంచిగనే కొట్టిండు. మెంబర్లు. ఒకటి, స్వర్ణ, తమ్ముడు భూపాల్. రెండు, కరుణాకర్, తల్లి... పాపం. మూడు, నాలుగు...

ఏడు. సంహిత, వయసు ఇరవై ఒకటి. తండ్రి బాలకిషన్, పదిహేడు సంవత్సరాలుగా కనబడుట లేదు.

గీ సంహిత ఎవరే?

తల దించుకుంటవేంది? నా బిడ్డ, నా ఇంట్ల తిని, నా పక్కల పండుకొని, నాకు చెప్పకుండ సంతకం పెట్టిందా? నువ్వు పెట్టించినవా? అదే వచ్చి అడిగిందా? 'నాయినను దేవులాడాలె అక్కా' అన్నదా? గట్లన్నదా?

గీ ఫోటో ఏడిది? పోస్టర్ మీదికని అదే ఇచ్చిందా? గిది నా పెండ్లి ఫోటో! నన్ను కత్తిరించి తీసేసింది చూడు. ఆయన పక్కన నా చీర కొంగు జరంత మిగిలింది, గంతే.

లే. ఆ బీరువా మీద కరెంటు బిల్లు ఉన్నది, తీయి. పేరు చదువు. గట్టిగ చదువు! ఔ, బాలకిషన్. ఇంటి కాగితాలల్ల గూడ ఆయనే. నేను ఓనర్ను అనుకున్నవా? ఆయనను దేవులాడనీకి సంఘం కావాలె, సంఘానికి ఆయన సంతకం కావాలె. పో, తెచ్చుకో పో.

నవ్వుతున్నవా? నాకైతే ఒళ్లు మండుతున్నది.

పోస్టాఫీసుకు పోయొస్తనన్నడు. గీ కిటికీలకెళ్లి చూస్తే కనబడ్తది పోస్టాఫీసు. 'జయా, చాయ్ పెట్టి ఉంచు' అన్నడు. పెట్టిన. సంహితకు నాలుగేండ్లు. అప్పటి సంది ఠాణా చుట్టూ తిరిగిన. మా అత్తగారోళ్లు నా నోటికి భయపడే పోయిండన్నరు. దవాఖానల మూడుసార్లు గుడ్డ లేపి చూపించిన్రు. మూడుసార్లు కాదన్న. మూడోసారైతే, ఆయనే అయితే పీడ పోతది గదా అనుకున్న. గది గూడ రాసుకుంటవా నీ ఉద్దేశాలల్ల?

ఏమన్నవు? నన్ను గూడ మెంబర్‌గ చేరమంటున్నవా? ఇంత పడ్డందుకే చేరాల్నా?

ఆ తలుపు జర దగ్గరికెయ్యి. ఏసినవా?

ఆయన వచ్చిండే.

గట్ల చూడకు. పోయినంక ఆరేండ్లకు వచ్చిండు. ఆదివారం, పదకొండు కొట్టింది. నేను కిటికీ కాడ కూసోని బియ్యం ఏరుతున్న. కింద పుస్తకాల కుప్ప కాడ ఒకాయన వంగి తిరగేస్తున్నడు, మాటిమాటికి మీదికి చూస్తున్నడు. నిలబడ్డ తీరు చూసే గుర్తుపట్టిన. బక్కగ గాలేదు, పొట్టొచ్చింది. ఇస్త్రీ అంగీ. చేతిల మిఠాయి డబ్బా.

చినిగిన అంగీతోని వస్తే తీసేదాన్ని తలుపు. దెబ్బలు తగిలి, మతి పోయి, నీ తమ్ముని తీర్గ వచ్చినా తీసేదాన్ని. ఇస్త్రీ అంగీతోని వచ్చిండు స్వర్ణా! నేను దవాఖానల శవాలు చూసిన ఆరేండ్లు ఎవరో ఆయన బట్టలకు ఇస్త్రీ చేసిన్రు.

మెట్లెక్కిండు. మూడుసార్లు కొట్టిండు. 'జయా' అన్నడు. సంహిత లోపల లెక్కలు చేసుకుంటున్నది. 'ఎవరమ్మా?' అన్నది. నా చెయ్యి గడియ మీదనే ఉన్నది. తియ్యాలెనంటే తియ్యొచ్చు. 'కిరాయి కోసం వచ్చిన్రు బిడ్డా' అన్న. ఆయనకు ఇనబడాలెనని ఇంకా గట్టిగ, 'గీడ రూం ఖాళీ లేదు, వేరే తాన చూసుకోండ్రి' అన్న.

ఆయన ఇంటి తలుపు కాడ నిలబెట్టి, ఆయనకే.

దిగిపోయిండు. మిఠాయి డబ్బా మెట్టు మీదనే ఇడిచిపెట్టిండు. తెల్లారి చీమలు పడితే డబ్బాతోని సహా ఊడ్చేసిన.

పదకొండేండ్లాయె. తప్పు చేసిన అని ఒక్కనాడు అనుకోలే. నా మొగనికి నేను తలుపు తియ్యలే, నా ఇష్టం అనుకున్న. గిప్పుడు గీ కత్తిరించిన ఫోటో చూస్తే సమజైతున్నది. ఆ దినం దాని నాయినకు గూడ తియ్యలే. దాన్ని అడగనన్న అడగలే.

ఇప్పుడు చెప్పు. నీ సంఘం కాగితంల గిసొంటిదానికి ఏ ఖానా ఉన్నది, ఏ గడిల రాస్తవు? తప్పిపోయిండా? వచ్చి పోయిండా? ఎల్లగొట్టిన్రా?

నువ్వెందుకు ఏడుస్తున్నవే? ఊకో. పెన్ను ఇటియ్యి.

ఇయ్యి, సప్పుడు చెయ్యక. ఆయన సంతకం నాకు వస్తది. ఇంటి కాగితాల మీద పదిహేడేండ్ల సంది నేనే పెడుతున్న. బాలకిషన్, కింద ఒక గీత. ఇగో. మీ ఓనర్‌కు ఏం అభ్యంతరం లేదట. కొట్టుకో బోర్డు. పోస్టర్లు గూడ అతికిపియ్యి, మైదా ఉడకబెడ్త. దేవులాడనియ్యి దాన్ని. దొరికితే ఆయనే చెప్తడు నా సంగతి. నా నోటితోని మాత్రం నాకు రాదు.

మెట్ల మీద చప్పుడు. సంహితనే. కండ్లు తుడుసుకో, ఆ కాగితాలు సంచిల పెట్టు. ఏం మాట్లాడుకుంటున్నరు అంటది.

కిరాయి సంగతి అని చెప్త.