అత్తయ్య ఉపవాసం

ఆ గ్లాసు అలా పక్కకి జరపకండి అత్తయ్యా. పంచదార నీళ్ళే, నిమ్మకాయ కూడా పిండాను. ఇందాక స్టవ్ దగ్గర తూలి గట్టు పట్టుకున్నారు, నేను చూడలేదనుకున్నారా? ఇంట్లోంచే ఆఫీసు కదా, లాప్‌టాప్ ముందున్నా నా కళ్ళు వంటింట్లోనే ఉన్నాయి. మీ చేతులు చూడండి, ఎలా వణుకుతున్నాయో. చెమటలు కూడానూ.

సాయంత్రం ప్రార్థన అయ్యాకే అంటారు. తెలుసు. షుగరు మాత్ర మాత్రం పొద్దున్నే వేసుకున్నారు, కడుపులో ఇంకేమీ పడలేదు. ఇదేం పద్ధతండీ? మీ అబ్బాయి గచ్చిబౌలి ట్రాఫిక్ దాటుకుని మణికొండ చేరేసరికి మీరు నేలమీద పడుంటే నేనేం చెప్పుకోవాలి? ఈ కడుపేసుకుని మిమ్మల్ని లేపగలనా?

నవ్వకండి. ఎవరికోసం ఇదంతా అంటే నీకోసమేనే షారోన్ అంటారు. అదేగా నా బాధ.

పోయిన నెల స్త్రీల కూడికలో అసలు నన్ను మైకు పట్టుకోమన్నదెవరు? పాస్టరమ్మగారు సాక్ష్యాలున్నవాళ్ళు రండమ్మా అనగానే లేచి వెళ్ళాను. హెప్సి పుట్టినప్పుడు ఆపరేషనయింది, ఈసారి ప్రభువు నాకు నార్మల్ డెలివరీ ఇచ్చాడు, స్తోత్రం అన్నాను. ఇస్తాడని కాదు, ఇచ్చాడని. మన కూడికల్లో అలవాటే కదా, నమ్మకమున్నవాళ్ళు జరగనిదాన్ని కూడా జరిగినట్టే చెప్పాలి. అందరూ చప్పట్లు కొట్టారు. మీరు ముందు వరసలో కూచుని కళ్ళొత్తుకున్నారు. ఆ వారం నుంచే కదా శుక్రవారాలు మీరు మాత్ర మింగే గుక్కెడు తప్ప పచ్చి మంచినీళ్ళయినా ముట్టకపోవడం.

అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ రోజు నాకూ నమ్మకం ఉంది. చప్పట్లు ఆగి ఇంటికొచ్చాకే ఎటు పోయిందో తెలీదు.

డాక్టరు కిరణ్మయిగారు మంచావిడ. కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. అప్పుడు బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది కాబట్టి కోశాం, ఇప్పుడు తల కిందికే ఉంది, పాత కోత గర్భసంచి కిందిభాగంలో అడ్డంగానే ఉంది, నాలుగేళ్ళు గడిచాయి, నొప్పులొచ్చేదాకా చూడొచ్చు అన్నారు. ఎక్కడో ఒకరికి ఆ పాత కుట్టు విడిపోతుందిట. అందుకే పక్కనే ఆపరేషన్ థియేటరు సిద్ధంగా ఉంచుకుంటామన్నారు. మళ్ళీ ఆపరేషనే కావాలన్నా తప్పులేదు, దానికుండే ఇబ్బందులు దానికున్నాయి, మీకేది కావాలో మీరే చెప్పండి అన్నారు.

అక్కడే వచ్చింది తంటా. అంతమందిలో స్తోత్రం చెప్పానే గాని, నీకేం కావాలే అని నన్ను నేనే అడగలేదు.

తాగండి అత్తయ్యా, ఒక్క గుక్క. నేను మాట్లాడుతూ ఉంటే మాటల్లో పడి తాగేస్తారనుకున్నాను.

సరే. చెప్పకపోతే మీరు తాగేలా లేరు.

నేను ఆపరేషనే కావాలన్నాను. వచ్చే సోమవారం పొద్దున్న. కిందటిసారి చెకప్‌లోనే అనేశాను. ఆ తరవాత వచ్చిన శుక్రవారం కూడా మీరు పస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. మీరు చేసిపెట్టిన ఇడ్లీలు మీ ఎదురుగానే కూచుని తిన్నాను.

కుట్టు విడిపోతుందని భయపడ్డానని చెప్పొచ్చు. కొంత అదే. మిగతాది చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. ఆఫీసులో ప్రతి పనికీ తేదీ వేసి పదిమందిచేత చేయించే మనిషిని. ఎప్పుడు మొదలవుతుందో, ఎక్కడ తేలుతుందో తెలియని నొప్పికి నన్ను నేను అప్పగించుకోలేకపోయాను.

ఆపరేషనేం సిగ్గుపడే పని కాదండీ. డాక్టరుగారూ అదే అన్నారు, నేనూ నమ్ముతాను. నా సిగ్గు దానికి కాదు. మీ అబ్బాయికి చెప్తే, అమ్మకి ఇప్పుడేం చెప్పకు, సోమవారం చెకప్ అని చెప్పి వెళ్దాం, బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గింది, అర్జెంటుగా చెయ్యాల్సొచ్చిందని ఫోను చేద్దాం అన్నారు. నేను సరేనన్నాను. ఇంకా పుట్టని బిడ్డ గుండె మీద అబద్ధం అల్లడానికి ఇద్దరం కూచున్నాం అత్తయ్యా.

అప్పుడు మీరేమంటారో కూడా నాకు తెలుసు. దేవుడి చిత్తం అంటారు. కూడికలో అందరూ అదే అంటారు. నా పిరికితనం పట్టుకెళ్ళి ఆయన నెత్తిన రుద్ది, నేను మాత్రం మంచమ్మీద పడుకుని అందరి పరామర్శలూ అందుకోవాలి. ఇన్ని వారాలు మీరు కడుపు మాడ్చుకున్నది ఎవరి ఖాతాలోకి పోతుంది?

మీరు దేనికోసం పస్తున్నారో అది నేనెప్పుడో వద్దనుకున్నాను. తిట్టండి, పడతాను. మళ్ళీ మైకు పట్టుకుని అందరి ముందూ చెప్పమంటే చెప్తాను. ముందు ఇది తాగండి.

ఆఁ, మెల్లగా. గ్లాసు నేను పట్టుకుంటాను.

వద్దా. సరే, మీరే పట్టుకోండి.

మాత్ర మింగే గుక్కెడు నీళ్ళకి కూడా కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పుకునే మనిషి మీరు. ఇవాళ కళ్ళు తెరుచుకునే తాగుతున్నారు, నా వైపే చూస్తూ.

పోన్లెండి. తాగారు కదా.